సగటున బ్రేకులు బాగున్నాయి

సగటుల ధ్రువీకరణ కార్యాలయం మంచాలగూడలో, కొండ మీద ఉంది. ఒక ఊళ్ళో వరదలొచ్చి, పక్క ఊళ్ళో చుక్క పడకపోతే ఆ రెంటినీ కలిపి రెండుతో భాగించి, "వర్షపాతం సంతృప్తికరం" అని పచ్చ సిరాతో రాసి, కింద పెద్దకోటలో ఉన్న ప్రధాన కార్యాలయానికి పంపడం దాని పని. ఆ పనికి పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళు రాసిన కాగితాల్ని సోమవారం సోమవారం కారులో పెట్టుకుని, పదిహేడు మలుపుల ఘాటు రోడ్డు దిగి, అప్పజెప్పి వచ్చేది పందొమ్మిదో మనిషి, డ్రైవర్ కూర్మారావు.

కాగితాల ప్రకారం ఆ ఆఫీసుకి నలుగురు డ్రైవర్లు. ముగ్గురు పెద్దకోటలో పెద్దవాళ్ళ ఇళ్ళ దగ్గర కూరగాయలు తెస్తుంటారు. నలుగురి పనీ కూర్మారావే చేస్తాడు. కిందటేడు ఒక్క ఆదివారం సెలవడిగితే, నాలుగుతో భాగించి చూసి, రోజుకి రెండు గంటలే పని చేస్తున్నాడని తేల్చి, ఇంకాస్త శ్రద్ధ పెట్టమని మెమో ఇచ్చారు.

అతనికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో బండికి గీత పడలేదు, కోడిపిల్ల కూడా చక్రం కిందకి రాలేదు. అలాంటివాడు ఆ సోమవారం ఎనిమిదో మలుపు దగ్గర బ్రేకు తొక్కేసరికి కారు కీచుమని అరిచి, లోయ ఎంత లోతుందో చూసొద్దామన్నట్టు కుడివైపుకి జరిగింది. స్టీరింగు ఎడమకి లాగి పట్టుకుని, సెకండ్ గేరులో, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద వేసి, తెలిసిన దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుచుకుంటూ మిగతా తొమ్మిది మలుపులూ దిగాడు.

మర్నాడు పొద్దున్నే బండిని ఇమాం షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఇమాం మంచాలగూడలో ఉన్న ఒకే ఒక్క మెకానిక్కు. ముందు చక్రంలో పళ్ళెంలాంటి ఉక్కు డిస్కు తిరుగుతుంటుంది. దానికి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి బ్రేకు ప్యాడ్లుంటాయి. మనం తొక్కితే రెండూ రెండు వైపుల్నించి దాన్ని నొక్కి ఆపాలి. ఇమాం ఎడమ చక్రం ఊడదీసి, రెండు ప్యాడ్లూ తీసి గోనెగుడ్డ మీద పెట్టాడు. బయటది ఇంచుమించు కొత్తదే. లోపలిదానికి ప్యాడన్నదే లేదు, ఇనప రేకు మిగిలింది. డిస్కు బయటివైపు నున్నగా మెరుస్తోంది, లోపలివైపు వేలు పెడితే గాళ్ళు తగులుతున్నాయి.

"ఇదేటి భాయ్? ఒకే సక్రం, ఒకే బ్రేకు. ఒకటి కొత్తగున్నాది, ఇంకోటి ఇలగ అరిగిపోనాదేటి?" అన్నాడు కూర్మారావు.

ఇమాం ప్యాడ్లని పట్టుకునే ఇనప దిమ్మని రెండు చేతుల్తో ఊపబోయాడు. అది కదల్లేదు.

"సూసినావా అన్నా? ఈ దిమ్మ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాల. జరిగితేనే బయటి ప్యాడు కూడా పట్టుకుంటాది. పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి, తుప్పట్టి బిగుసుకుపోనాయి. నువ్వు తొక్కినప్పుడల్లా లోపల్ది ఒక్కటే పని సేత్తంది. బయట్ది కూకుని సూత్తంది. తప్పు ఆ ప్యాడుది కాదన్నా, అది మంచిదే. అందరి పనీ అదే సేసింది, అందుకని అరిగిపోయింది."

కూర్మారావు ఆ రేకుముక్కని చేతిలోకి తీసుకుని వేలితో నిమిరాడు. "పాపం" అన్నాడు.

"ఎడం సక్రం సరిగ్గా పట్టదు, కుడిసక్రం గట్టిగా పడతాది. అందుకే బండి కుడేపుకి లాగేత్తంది. పిన్నులు తీసి, రుద్ది, గ్రీజు పెట్టడానికి పది నిమిషాలు సాలు. ప్యాడ్లు నాలుగూ మార్చాల, డిస్కులూ మార్చాల. ఇంకో నెల ఇలగే ఘాటీ దిగినావంటే మీ ఇంట్లో నీ ఫొటోకి దండ ఎయ్యాల."

సర్కారు బండి కాబట్టి ముందు కొలతల చీటీ కావాలి. ఇమాం పాత క్యాలెండరు వెనక రాసిచ్చాడు: ఎడమ లోపల సున్నా, ఎడమ బయట తొమ్మిది, కుడివైపు ఎనిమిది, ఏడు. అన్నీ మిల్లీమీటర్లు. కొత్త ప్యాడు పది ఉంటుంది.

ఆ చీటీ సూపరింటెండెంటు రత్నకుమారి బల్ల మీదకి వెళ్ళింది. రత్నకుమారి మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమొచ్చినా చారు కాచి పంపిస్తుంది. కానీ క్యాలిక్యులేటరు చేతికొచ్చిందంటే ఆవిడ వేరు. నాలుగంకెలూ కూడింది, నాలుగుతో భాగించింది.

"ఆరు. తొమ్మిదో నిబంధన ప్రకారం సగటు మూడు కంటే తక్కువుంటేనే ప్యాడ్లు మార్చాలి. నీ బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి కూర్మారావ్."

"అమ్మా, ఒకటి సున్నా ఉందండి."

"ఉంటే ఏం? తొమ్మిది కూడా ఉందిగా!"

కూర్మారావు ఇంక లాభం లేదని డిప్యూటీ డైరెక్టరు గుణానంద్ గారి గదిలోకి వెళ్ళాడు. గుణానంద్ గారు ఈ పోస్టులోకొచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చినప్పటినించీ కొండ దిగలేదు, సమావేశాలన్నీ ఫోన్లోనే. ఆయన ఇంట్లో కూడా గెజిట్ భాషే మాట్లాడతారని, ఉప్పు తక్కువైతే భార్యకి "తగు చర్య నిమిత్తం" అని చెబుతారని ఆఫీసులో అనుకునేవారు.

"కూర్మారావ్, ఒక్కొక్క ప్యాడు యొక్క వ్యక్తిగత కష్టసుఖాలను ప్రభుత్వం పరిగణనలోనికి తీసుకొనజాలదు. ప్రభుత్వం గుర్తించునది సగటును మాత్రమే."

"బాబూ, బండి కుడేపుకి లాగేత్తందండి. కుడేపు లోయండి."

గుణానంద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దిగునప్పుడు కుడివైపు లోయ. సరే. ఎక్కునప్పుడు కుడివైపు ఏమున్నది?"

"కొండండి."

"పోవునప్పుడు లోయ వైపు, వచ్చునప్పుడు కొండ వైపు. రెండునూ కలిపి చూచినచో బండి ఎటు పోవుచున్నది?"

కూర్మారావు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు.

"రోడ్డు మధ్యలోనే! సగటున నీవు అత్యంత క్రమశిక్షణతో నడుపుచున్నావు. అభినందనలు."

అక్కడితో ఆగినా బాగుండేది. ధ్రువీకరించిన కొలతల్ని ఎవరూ మార్చకుండా భద్రపరచాలని గుణానంద్ గారికి తోచింది. అటెండరు కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, ఎడమ ముందు చక్రం బోల్టుల మీద పోసి, ఆఫీసు ముద్ర గుద్దాడు. ఇమాం గ్రీజు డబ్బా పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"బాబూ, పది నిమిషాలు సాలండి" అన్నాడు.

"ఈ సీలు విప్పువారు ప్రభుత్వ గణాంకములను తారుమారు చేసినవారగుదురు" అన్నారు గుణానంద్ గారు. ఇమాం డబ్బా మూత బిగించుకుని వెళ్ళిపోయాడు. లాగ్ బుక్కులో "బ్రేకులు సంతృప్తికరం" అన్న చోట కూర్మారావు చేత సంతకం పెట్టించుకున్నారు. పెట్టకపోతే, మంచి బండిని నడపనన్న నేరానికి సస్పెన్షన్.

రెండ్రోజులకి అటెండరు ఒక రహస్యం చెప్పాడు. స్టోరు గదిలో ఇనప బీరువాలో నలభై కొత్త ప్యాడ్లున్నాయట. కూర్మారావుకి ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకుంటూ రత్నకుమారి దగ్గరికి వెళ్ళాడు.

"ఉన్నాయి. ఈ బండికి సరిపోయేవే" అంది ఆవిడ.

"అయితే నాలుగిప్పించండమ్మా!"

"అవి తీస్తే ఎలా? ఆ నలభయ్యీ నీ బండిలో ఉన్న నాలుగూ కలిపే కదా మన ఆఫీసు బ్రేకుల సగటు తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది! ఈ కొండ మీద ఏ ఆఫీసుకీ అంత మందం లేదు. అవార్డుకి కూడా పంపించాం."

"బీరువాలో బ్రేకులు బండిని ఆపుతాయేటమ్మా?"

"అరగవు కదా? బండికి బిగిస్తే అరిగిపోతాయి కూర్మారావ్" అంది రత్నకుమారి, పసిపిల్లాడికి చెప్పినట్టు.

ఆ రాత్రి కూర్మారావుకి అన్నం దిగలేదు. సోమవారం రెండ్రోజుల్లో ఉంది. చావంటే భయం ఉండకూడదని ఎవరైనా చెప్పొచ్చు గానీ, అతనికి ఉంది, చాలా ఉంది. పొద్దున్నే తెల్లకాగితం మీద తిన్నగా రాసిచ్చాడు: "అయ్యా, ఈ బండితో ఘాటు దిగాలంటే నాకు భయంగా ఉన్నది."

ఆ ఒక్క మాటకే ఆఫీసంతా కదిలింది. భయం గురించి నిబంధనల్లో ఉంది మరి. పద్నాలుగో నిబంధన: వాహనం వలన సిబ్బందికి కలుగు భయము సగటున ఐదు దాటినచో సీళ్ళు తొలగించి, తక్షణమే మరమ్మతు చేయించవలెను. భయాన్ని సున్నా నించి పది దాకా కొలుస్తారు. దానికో నమూనా కాగితముంది, బండి ఎక్కినవాళ్ళు నింపి సంతకం చెయ్యాలి. ఎక్కనివాళ్ళకి సున్నా వేస్తారు.

కూర్మారావు తన భయం పది అని రాశాడు. రత్నకుమారి దాన్ని కొండ మీదున్న పందొమ్మిది మందితో భాగించింది.

"పాయింట్ ఐదు మూడు."

"నీకు భయము కలిగినదనుటలో సందేహము లేదు" అన్నారు గుణానంద్ గారు, దయగా. "అయితే అది వ్యక్తిగతము. కార్యాలయము భయపడినదా? లేదు. దాదాపుగా నిర్భయముగా ఉన్నది."

కూర్మారావు మళ్ళీ ఇమాం షెడ్డుకే వెళ్ళి కూర్చున్నాడు. ఇద్దరూ క్యాలెండరు వెనక లెక్కలేశారు. పందొమ్మిది అయిదులు తొంభై అయిదు. అది దాటాలి. కూర్మారావుది పది.

"అంటే ఇంకా తొమ్మిది మంది నీలాగ హడలిపోవాల" అన్నాడు ఇమాం.

"ఆళ్ళెందుకు హడలిపోతారు? నాను ఘాటీ దిగినప్పుడు బండిలో ఫైళ్ళే కదా ఉంటాయి. ఫైళ్ళకేటి భయం?"

"మరి మనుషుల్ని ఎక్కించు."

పెద్దకోటలో సోమవారం సంత. మంచాలగూడ ఉద్యోగులంతా నెలకోసారి బస్సులో వెళ్ళి ఎండుచేపలూ, చింతపండూ, పిల్లల బట్టలూ తెచ్చుకుంటారు. ఆఫీసు బండి ఖాళీగా వెళ్తోంది, సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు అని కూర్మారావు ఒక్కమాట అనేసరికి ఎక్కడానికి పోటీ పడ్డారు. నలుగురికి చోటు.

కూర్మారావు ఏ నాటకమూ ఆడలేదు. ఎప్పుడూ ఎంత జాగ్రత్తగా దిగుతాడో అంత జాగ్రత్తగానే దిగాడు, ఇంకా నిదానంగా కూడా. కాకపోతే ఇన్నాళ్ళూ తనొక్కడే విన్న చప్పుడు ఇప్పుడు అయిదుగురు విన్నారు. ఇనుము ఇనుముని గీరుకుంటుంటే వెన్నులోంచి పుట్టుకొచ్చే చప్పుడది. మూడో మలుపు దగ్గర సంత కబుర్లు ఆగిపోయాయి. ఎనిమిదో మలుపు దగ్గర ఒక గుమాస్తా తన పిల్లల పేర్లు పైకి చదవడం మొదలుపెట్టాడు. కింద దిగాక ఎవరూ ఎండుచేపలు కొనలేదు. నలుగురూ పది వేసి, సంతకాలు చేసి, బస్సెక్కి కొండకి పోయారు.

మిగతావాళ్ళని వాళ్ళు హెచ్చరిస్తారేమోనని కూర్మారావు భయపడ్డాడు. ఆఫీసు సంగతి అతనికి ఇరవై రెండేళ్ళైనా పూర్తిగా తెలియలేదు. "ప్రయాణం ఎలా ఉంది?" అని ఎవరడిగినా ఆ నలుగురూ "అబ్బే, మెత్తగా వెళ్ళిపోయాం" అన్నారు. తాము పడ్డది పక్కవాడు కూడా పడితేగాని వాళ్ళకి మనశ్శాంతి లేదు.

రెండో సోమవారం ఎక్కిన నలుగురిలో రత్నకుమారి ఉంది. ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. ఎనిమిదో మలుపు దగ్గర బండి లోయ వైపు జరిగినప్పుడు ఆవిడ చేతిసంచి గట్టిగా గుండెకి హత్తుకుని, "కూర్మారావ్, ఆ సున్నా ఏ వైపుందన్నావ్?" అంది.

"ఎడం వైపండమ్మా, లోపల. మీ కాళ్ళ కిందే."

ఆవిడ రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని కూర్చుంది. కిందికొచ్చాక నమూనాలో పది వేసి, ఆ పది చుట్టూ ఇంకోసారి గీత గీసింది. అక్కడే మైలురాయి మీద కూర్చుని క్యాలిక్యులేటరు తీసింది.

"నీతో కలిపి తొమ్మిది మంది, తొంభై. నాలుగు పాయింట్ ఏడు" అంది. ఆవిడ గొంతులో నిజంగా బాధ ఉంది.

"అయిదే అనుకోవచ్చు కదమ్మా?"

"అయిదు 'దాటినచో' అని ఉంది కూర్మారావ్. నేనేం చెయ్యను? నాకూ పిల్లలున్నారు."

ఇంకొక్క మనిషి చాలు. కానీ ఈసారి ఎవరూ దొరకలేదు. రెండో జట్టులో ఒకాయన ఆఫీసుకొచ్చాక కళ్ళు తిరిగి పడిపోయాడు, గుట్టు రట్టయింది. మిగిలినవాళ్ళు బండి ఉన్న వైపు నడవడం కూడా మానేశారు. లెక్కకి మిగిలింది గుణానంద్ గారే, ఆయన కొండ దిగరు.

దిగాల్సొచ్చింది. తొమ్మిది పాయింట్ ఆరు మందానికి అవార్డు వచ్చింది. పెద్దకోటలో మహా సంచాలకుల చేతుల మీదుగా స్వయంగా అందుకోవాలి. అవార్డు తీసుకునే అధికారి బస్సులో దిగితే హోదాకి తగదు కదా. మూడో సోమవారం ఉదయం గుణానంద్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక సీట్లో కూర్చుని, "పోనిమ్ము" అన్నారు.

మొదటి మలుపు దగ్గర చప్పుడు మొదలైంది.

"ఏమది?"

"లోపలి ప్యాడండి బాబూ. సున్నా."

"ఒక ప్యాడు చేయు శబ్దమును విడిగా వినరాదు. నాలుగునూ కలిపి వినవలెను."

నాలుగో మలుపు దగ్గర ఆయన ముందు సీటు పట్టుకున్నారు. ఆరో మలుపు దగ్గర, "కొంచెము మెల్లగా పోనిమ్మని ఆదేశించడమైనది" అన్నారు. ఏడో మలుపు దగ్గర గెజిట్ భాష పోయింది, "మెల్లగా నాయనా, మెల్లగా" అన్నారు. ఎనిమిదో మలుపులో దుంగల లారీ ఒకటి కొండ వైపు ఒరుసుకుంటూ ఎదురుగా ఎక్కి వస్తోంది. కూర్మారావు తొక్కాడు. బండి అరిచింది, కుడికి జరిగింది. అతను స్టీరింగు తిప్పి, హ్యాండ్ బ్రేకు లాగి, లారీకీ లోయకీ మధ్య ఉన్న కాస్త జాగాలోంచి బండిని బయటికి తెచ్చాడు. వెనకనించి "అమ్మా!" అని ఒక కేక వినిపించింది. అది ఏ నిబంధన కిందా వేసిన కేక కాదు.

బండి పక్కకి తీసి ఆపాడు. కాలిన లక్క వాసన గుప్పుమంది. ఎడమ చక్రం సలసలా కాగుతోంది. సీళ్ళన్నీ కరిగి ఎర్రగా టైరు మీదకి కారుతున్నాయి.

"సీలు..." అన్నారు గుణానంద్ గారు. మిగిలిన తొమ్మిది మలుపులూ ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మలుపు దాటినప్పుడల్లా కూర్మారావు భుజం తడిమి, ఉన్నాడని నిర్ధారించుకున్నారు.

పెద్దకోటలో ప్రధాన కార్యాలయం గేటు పక్కన బండి ఆగింది. కూర్మారావు గోలీసోడా తెచ్చి తాగించాడు. తర్వాత నమూనా కాగితం, పెన్ను అందించాడు. ఇంకొక్క పది. ఆ పది ఆయన మొహం మీద, తడిసిన చొక్కా మీద, సోడా సీసా పట్టుకున్న చేతి మీద రాసే ఉంది.

గుణానంద్ గారు కాగితం వైపు చూశారు, గేటు మీద కట్టిన స్వాగతం బ్యానరు వైపు చూశారు. గుండ్రంగా సున్నా చుట్టారు.

"బాబూ!" అన్నాడు కూర్మారావు.

"బ్రేకులకు అవార్డు పుచ్చుకొను అధికారి అవే బ్రేకులకు భయపడెనని రికార్డులో ఉండవచ్చునా? ఆలోచించు." కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తల దువ్వుకుని లోపలికి నడిచారు.

కూర్మారావుకి ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఇరవై రెండేళ్ళలో పై అధికారి మీద అతనికి అంత కోపం ఎప్పుడూ రాలేదు. చెట్టుకింద నిలబడి మైకులో సభంతా విన్నాడు. మహా సంచాలకులు, గుణానంద్ గారి విధానం దేశానికే ఆదర్శమని మెచ్చుకున్నారు. ఇంత గొప్ప విధానాన్ని ఒక్క కార్యాలయానికే పరిమితం చెయ్యడం ఇష్టం లేక కిందటి వారం నించే వంతెనలకీ, ఆసుపత్రులకీ, బస్సులకీ, సమస్త శాఖలకీ వర్తింపజేశామని ప్రకటించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

గుణానంద్ గారు శాలువా కప్పుకుని, బంగారు రంగు బ్రేకు ప్యాడు బొమ్మ పట్టుకుని బయటికొచ్చారు. బండి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు.

"నేను బస్సులో వత్తును. ప్రజలతో మమేకమగుట అవసరము. నీవు బండి తీసుకొని రమ్ము."

"నానూ బస్సుకే వత్తాను బాబూ" అన్నాడు కూర్మారావు. తన నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు.

"బండిని ఇచట వదలుటకు వీల్లేదు! అది కార్యాలయపు షెడ్డులో ఉండవలెను."

"వారంలో ఆరు రోజులు షెడ్లోనే కదా ఉంటాది బాబూ. సగటున ఇప్పుడూ షెడ్లోనే ఉంది."

గుణానంద్ గారికి ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు. శాలువా సర్దుకుని బస్టాండు వైపు నడిచారు.

బస్సు నిండుగా ఉంది. అధికారి అని చూసి కండక్టరు ముందు సీటిచ్చాడు, కూర్మారావు పక్కన సర్దుకున్నాడు. బస్సు ఘాటు ఎక్కడం మొదలుపెట్టింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపేసి తలుపు దగ్గర మెట్టు మీద నిలబడ్డాడు. చేతిలో తలకాయంత రాయి ఉంది.

"అదెందుకు?" అన్నారు గుణానంద్ గారు.

"మలుపు కాడ బస్సు ఎనక్కొచ్చేత్తే దిగి సక్రం కింద ఎయ్యాల కదండి."

"బ్రేకులు లేవా?"

"బ్రేకులకేటండి, బంగారంలాగున్నాయి. మా డిపోలో నలభై బస్సులు. అన్నీ కలిపి లెక్కేసి, బాగున్నాయని మొన్ననే కాగితమొచ్చింది."

"మరి... ఈ బస్సువి?"

కండక్టరు ఆయన్ని జాలిగా చూశాడు. "ఒక్క బస్సు సంగతి లెక్కలోకి రాదంటండి బాబూ. కొత్త రూలు. ఎవుడో సానా గొప్పోడు కనిపెట్టినాడంట."

మొదటి మలుపులో బస్సు ఆగింది, ఒక్క క్షణం ఊగింది, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. కండక్టరు రాయితో దూకాడు. బస్సులో అందరూ ఒక్కసారి అరిచారు. రాయి పడింది, బస్సు నిలిచింది. వెనక అద్దంలోంచి లోయ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. ఇంకా పదహారు మలుపులున్నాయి.

గుణానంద్ గారు శాలువా పక్కన పెట్టి, జేబులోంచి నమూనా కాగితం తీశారు. మోకాలి మీద పరిచి, పెన్ను మూత పళ్ళతో లాగి, తాను చుట్టిన సున్నాకి ముందు ఒకటి గీశారు. అది సన్నగా, వంకరగా పడింది.

కూర్మారావు వంగి చూశాడు.

"గట్టిగా దిద్దండి బాబూ" అన్నాడు. "సూపర్నెంటమ్మకి కనపడాల."